ఫుల్ డిస్టెన్స్ ట్రయథ్లాన్, నా అనుభవం: పరుగు కోసం సైకిల్ మీద దాచుకునే శక్తి

3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆ వెంటనే 42.2 కిలోమీటర్ల పరుగు. ఈ పోటీ 1978లో హవాయిలోని ఓహు దీవిలో మొదలైంది. అక్కడ అప్పటికే విడివిడిగా జరుగుతున్న సముద్రపు ఈత, దీవి చుట్టూ సైకిల్ పోటీ, హోనోలులు మారథాన్, ఈ మూడింటినీ జాన్ కాలిన్స్, జూడీ కాలిన్స్ దంపతులు ఒకే రోజులోకి తెచ్చారు. ఆ మొదటి పోటీలో 15 మంది బయలుదేరితే 12 మంది పూర్తి చేశారు. గెలిచిన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లు పట్టింది. ఇప్పుడు చాలా పోటీల్లో మొత్తం గడువు 17 గంటలు. ఈత 2 గంటల 20 నిమిషాల్లో ముగియాలి, బయలుదేరిన 10 గంటల 30 నిమిషాల లోపు సైకిల్ దిగాలి.

నేను తయారీ మొదలుపెట్టింది ఈ గడువులతోనే. 2 గంటల 20 నిమిషాలంటే 100 మీటర్లకు దాదాపు 3 నిమిషాల 40 సెకన్లు, తీరిగ్గా ఈదేవాళ్లకూ అందే వేగం. సైకిల్ దిగి బట్టలు మార్చుకునేసరికి 8 గంటల 15 నిమిషాలు అయిందనుకుందాం. ఇంకా 8 గంటల 45 నిమిషాలు చేతిలో ఉంటాయి. కిలోమీటరుకు 12 నిమిషాల చొప్పున చురుగ్గా నడిచినా మారథాన్ 8 గంటల 26 నిమిషాల్లో అయిపోతుంది. అంటే నాలాంటి అమెచ్యూర్‌కు వేగం తక్కువ కావడం పెద్ద ప్రమాదం కాదు. కడుపు తిరగబడి, నడవడానికి కూడా శక్తి లేని స్థితికి చేరడమే ప్రమాదం. దానికి కారణం దాదాపు ఎప్పుడూ సైకిల్ మీదే ఉంటుంది. అందుకే నా సాధన, నా ప్లాన్ అంతా సైకిల్ చుట్టూ కట్టుకున్నాను.

సాధన గురించి ఎక్కువ చెప్పను. మూడు వారాలు పెంచడం, నాలుగో వారం తగ్గించడం. చివరి దశలో వారానికి 12 నుంచి 15 గంటలు. దూరపు సైకిల్ రైడ్ 5 నుంచి 6 గంటలు, దూరపు పరుగు 2.5 గంటలు. అంతకన్నా ఎక్కువ పరిగెత్తితే వచ్చే లాభం కంటే కోలుకోవడానికి పోయే రోజులే ఎక్కువ. రైడ్ తర్వాత వెంటనే 20, 30 నిమిషాల పరుగు మాత్రం మానకూడదు. పోటీకి రెండు వారాల ముందు నుంచి గంటలు సగానికి తగ్గించి, మధ్యమధ్యలో చిన్న చిన్న వేగపు ముక్కలు ఉంచాలి. వేగం కూడా పూర్తిగా ఆపేస్తే కాళ్లు మొద్దుబారినట్టు ఉంటాయి.

ఈతలో మొదటి 200 మీటర్లే కష్టం. చల్లటి నీళ్లు ముఖానికి తగలగానే ఊపిరి వేగం పెరుగుతుంది, వెట్‌సూట్ (నియోప్రీన్ అనే రబ్బరుతో చేసిన బిగుతైన ఈత దుస్తులు) ఛాతీని బిగిస్తుంది, చుట్టూ చేతులు, కాళ్లు తగులుతుంటాయి. అనుమతి ఉంటే ముందే నీళ్లలో దిగి ముఖం ముంచి ఊపిరి బయటికి వదలడం అలవాటు చేసుకోవాలి. వెట్‌సూట్ మెడ దగ్గర కొద్దిగా నీళ్లు లోపలికి పోనిస్తే బిగువు తగ్గుతుంది. మెడ వెనుక, చంకల్లో లూబ్రికెంట్ రాయాలి. అది పెట్రోలియం జెల్లీ కాకూడదు, నియోప్రీన్‌ను పాడుచేస్తుంది. ప్రతి 6 నుంచి 8 స్ట్రోక్‌లకు ఒకసారి కళ్లు మాత్రమే నీటిపైకి ఎత్తి, దారి చూపే తేలే గుర్తు బోయ్‌ను చూసుకోవాలి. తల మొత్తం ఎత్తితే నడుము మునిగి వేగం పోతుంది. ఈతలో ఇంకొకరి పాదాల వెనకే ఈదడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి, దాన్ని వాడుకోకపోవడం శక్తి వృథా. గాగుల్స్ పట్టీని క్యాప్ కింద పెట్టుకుంటే ఎవరి చెయ్యి తగిలినా ఊడిపోదు.

మొదటి ట్రాన్సిషన్‌లో, అంటే ఈత నుంచి సైకిల్‌కు మారే చోట, ఒకే సూత్రం: హెల్మెట్ బకిల్ పెట్టాకే సైకిల్ మీద చెయ్యి వేయాలి. సైకిల్ ఎక్కడానికి గుర్తుగా నేల మీద గీసే మౌంట్ లైన్ దాటాకే ఎక్కాలి.

ఇక సైకిల్. ఎఫ్‌టీపీ అంటే దాదాపు గంటసేపు నిలబెట్టగలిగే గరిష్ఠ శక్తి, వాట్లలో. అందులో 65 నుంచి 72 శాతం దగ్గర ఉండాలని నా అభిప్రాయం. ఎఫ్‌టీపీ 200 వాట్లు ఉన్నవారికి అది 130 నుంచి 144. మొదటి గంటలో ఈ అంకె అవమానంగా అనిపించేంత తేలిక, అందరూ దాటి వెళ్లిపోతుంటారు. వెళ్లనివ్వాలి. ఎత్తు ఎక్కేటప్పుడు వాట్లు కొంచెం పెరగనిచ్చినా 85 శాతం దాటనివ్వకూడదు. అక్కడ పోగొట్టుకునే గ్లైకోజెన్‌ను, అంటే కండరాల్లో నిల్వ ఉండే చక్కెరను, దిగేటప్పుడు తిరిగి సంపాదించలేం. వాట్లు చూపే పవర్ మీటర్ లేకపోతే, పూర్తి వాక్యం మాట్లాడగలిగే శ్వాసే కొలత. గుండె వేగాన్ని ఒక్కదాన్నే నమ్మవద్దు. ఎండలో, నీళ్లు తగ్గినప్పుడు శ్రమ అంతే ఉన్నా అది మెల్లగా పెరుగుతూ పోతుంది. ముందు సైకిల్‌కు 12 మీటర్ల దూరం పాటించాలి, ఆ పరిధిలోకి దూరితే 25 సెకన్లలో దాటేయాలి. లేకపోతే చాలా పోటీల్లో 5 నిమిషాల పెనాల్టీ.

తిండి సైకిల్ మీదే తినాలి, ఎందుకంటే పరుగులో కడుపు కుదుపుకు ఇంత తీసుకోదు. గంటకు 60 నుంచి 90 గ్రాముల కార్బోహైడ్రేట్లు కావాలి. ఒక్క గ్లూకోజ్ అయితే పేగు గంటకు దాదాపు 60 గ్రాములు మాత్రమే పీల్చుకుంటుంది. ఫ్రక్టోజ్ వేరే దారిలో వెళ్తుంది కాబట్టి రెండూ కలిసిన డ్రింక్ వాడితేనే 90 వరకు పడుతుంది. నేను పెట్టుకున్న లెక్క గంటకు 70 గ్రాములు: ఆరున్నర గంటలకు 455 గ్రాములు. అందులో ఎక్కువ భాగం బాటిళ్లలో, మిగతాది ఒక్కోదాంట్లో 25 గ్రాములుండే జెల్‌లలో (చిక్కటి చక్కెర పాకం ప్యాకెట్లు). వాచీలో ప్రతి 15 నిమిషాలకు అలారం పెట్టి మోగినప్పుడల్లా ఒక గుక్క, ఆకలి వేసే వరకు ఆగడం లేదు. జెల్‌ను డ్రింక్‌తో కలిపి మింగవద్దు, మామూలు నీళ్లతోనే మింగాలి. జెల్‌లోని చక్కెర, డ్రింక్‌లోని చక్కెర ఒకేసారి చిక్కగా చేరితే అవి పేగులోకి నీటిని లాక్కుంటాయి. పొట్ట ఉబ్బుతుంది, తర్వాత వాంతి. అలా మొదలైతే వాట్లు తగ్గించి, 20 నిమిషాలు నీళ్లు మాత్రమే చిన్న చిన్న గుక్కలుగా తాగితే చాలాసార్లు సర్దుకుంటుంది. కష్టపడే కండరానికి పోయిన రక్తం కడుపుకు తిరిగి రావాలి కదా. ఈ తిండి మొత్తాన్ని దూరపు రైడ్‌లలో ముందే అలవాటు చేయాలి. పేగుకూ సాధన కావాలి.

నీళ్ల లెక్క ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక గంట రైడ్‌కు ముందు, తర్వాత బట్టల్లేకుండా బరువు చూసుకుని, తగ్గిన బరువుకు ఆ గంటలో తాగింది కలపాలి. ఒక కిలో అంటే దాదాపు ఒక లీటర్ చెమట. దానికి మించి తాగడం, తక్కువ తాగడం కంటే ప్రమాదం. రక్తంలో సోడియం పలచబడితే తలనొప్పి, వికారం, తికమక వస్తాయి, అది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. పోటీ మొత్తంలో బరువు పెరిగితే అది హెచ్చరిక.

యంత్రం విషయంలో నేను పట్టుబట్టేవి కొన్ని. ముందు రోజు సైకిల్‌ను ర్యాక్‌లో వదిలేటప్పుడు టైర్‌లో గాలి తగ్గించి, పొద్దున్నే పంపుతో నింపాలి. నిండా నింపి ఎండలో ఉంచితే ట్యూబ్ పేలే అవకాశం ఉంది. విమానంలోనో బస్సులోనో పెట్టెలో వచ్చిన సైకిల్‌కు డిరైలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) వంగి ఉందేమో చూడాలి. వంగితే, గొలుసు వెనక ఉన్న అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కినప్పుడు డిరైలర్ స్పోక్‌లలో చిక్కుకుని చక్రాన్నే విరిచేయవచ్చు. అందుకే ముందు రోజే అన్ని గేర్లూ ఎక్కించి దించి చూడాలి. వెంట రెండు ట్యూబులు, టైర్ ఊడదీసే రెండు లివర్లు, గాలి నింపడానికి రెండు 16 గ్రాముల సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) కార్ట్రిడ్జ్‌లు, చిరిగిన టైర్ లోపల పెట్టే అతుకు, అంటే టైర్ బూట్, ఒకటి. సీఓ2 ట్యూబ్ రబ్బరు గుండా త్వరగా కారిపోతుంది, కానీ ఆ రోజు గడపడానికి సరిపోతుంది. కొత్త ట్యూబ్ వేసే ముందు టైర్ లోపల వేలితో తడిమి ముల్లు తీసేయాలి, లేకపోతే రెండోది కూడా పోతుంది.

సైకిల్ నుంచి పరుగుకు మారే రెండో ట్రాన్సిషన్‌లో సాక్స్ మార్చడానికి 30 సెకన్లు ఖర్చుపెట్టడం నాకు సబబే. పొడి సాక్స్ లేకపోతే 15 కిలోమీటర్ల తర్వాత బొబ్బలు.

పరుగులో మొదటి 5 కిలోమీటర్లు కాళ్లు వేగాన్ని తప్పుగా చెబుతాయి. వాచీ చూసి, అనుకున్న వేగం కంటే కిలోమీటరుకు 15, 20 సెకన్లు నెమ్మదిగా పోవాలి. నీళ్లు, తిండి అందించే ప్రతి ఎయిడ్ స్టేషన్‌లో మొదటి బల్ల నుంచి చివరి చెత్తబుట్ట వరకు నడిచాను, అలసట మొదలవకముందు నుంచే. నడుస్తూ తాగితే కప్పులోది కడుపులోకి పోతుంది, పరిగెడుతూ తాగితే చొక్కా మీద పడుతుంది. ఐస్ ఉంటే టోపీలో, మెడ దగ్గర. జెల్ వాసనే పడని దశ 25 కిలోమీటర్ల తర్వాత చాలామందికి వస్తుంది. అప్పటికి కోలా, ఉప్పు కలిపిన రసం లాంటివి మిగలాలి, అందుకే కోలాను నేను పరుగు చివరి సగానికి దాచాను. ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు, రక్తంలో చక్కెర పడిపోయినట్టు ఉంటుంది. పిక్క పట్టేస్తే నిలబడి మెల్లగా సాగదీసి, వేగం తగ్గించి అడుగులు చిన్నవి చేయాలి. ఉప్పు మాత్ర వేసుకుని అదే వేగంతో పోతే మళ్లీ పట్టేస్తుంది, కారణం ఎక్కువసార్లు కండరం అలసటే.

గీత దాటగానే కూలబడవద్దు. పరుగులో పిక్కలు రక్తాన్ని పైకి నెడుతుంటాయి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచి రక్తపోటు పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. పది నిమిషాలు మెల్లగా నడవాలి. కళ్లు తిరిగితే వెల్లకిలా పడుకుని కాళ్లు పైకి పెట్టాలి. తికమకగా మాట్లాడేవారిని, వాంతులు ఆగనివారిని మాత్రం నడిపించవద్దు, నేరుగా మెడికల్ టెంట్‌కు తీసుకెళ్లాలి.