సబ్‌స్టెన్స్ పి నా పరువు తీసిన నెల

ఈ సాయంత్రమే చివరి రీడింగ్ వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, మా ల్యాబ్‌లో వెనక వచ్చేవాళ్లకి ఎవరూ ఏదీ చెప్పరు కాబట్టి.

నాది ఎం.ఫార్మసీ, హైదరాబాద్‌లో ఒక కాలేజీ. నరాల నుంచి విడుదలయ్యే న్యూరోపెప్టైడ్లు (చిన్న ప్రొటీన్ ముక్కల్లాంటివి, సబ్‌స్టెన్స్ పి వాటిలో ఒకటి) గినీ పిగ్ శ్వాసనాళాన్ని ఎలా బిగిస్తాయన్నది నా ప్రాజెక్టు. జంతువుల మీద ప్రయోగాలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ గండం తేలిగ్గానే గడిచింది. "ఎలుకలతో చేయొచ్చుగా?" అన్నారు, ఈ పెప్టైడ్లకి ఎలుక శ్వాసనాళం అంతగా బిగుసుకోదు, గినీ పిగ్‌ది బాగా బిగుసుకుంటుంది అన్నాను, అంతే. ఆ అనుమతి దరఖాస్తు, ఫారం బి, జిరాక్సుల కోసం మాత్రం క్లర్క్ నన్ను నాలుగుసార్లు తిప్పాడు. మీరు రెండు కాపీలు ఎక్కువే పట్టుకెళ్లండి, ఆయన్ని ఏ ప్రశ్నా అడగకండి.

అసలు కష్టాలు ఆర్గన్ బాత్ దగ్గర, అంటే అవయవం ముక్కని బతికించి ఉంచే పాత్ర దగ్గర, మొదలయ్యాయి. 37 డిగ్రీల క్రెబ్స్ ద్రావణంలో (ఒంట్లోని ద్రవాన్ని పోలిన ఉప్పునీళ్లు) శ్వాసనాళం ముక్క వేలాడదీసి, 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలు వదులుతూ, గంటసేపు కడుగుతూ కూర్చోవాలి. శ్వాసనాళాన్ని బిగించే హిస్టమిన్ వేస్తే, కాగితం మీద బిగుతు చూపే గీత లేచింది. అలాగే బిగించే కార్బకాల్‌కీ లేచింది. మిరపకాయకి ఘాటునిచ్చే క్యాప్సైసిన్ వేస్తే ఇంకా బాగా లేచింది, అది నరాల కొసల్లోంచి సబ్‌స్టెన్స్ పి, న్యూరోకైనిన్ ఎ లాంటివాటిని బయటికి నెట్టిస్తుంది. (అదే ముక్క మీద రెండోసారి వేసి కంగారుపడకండి, ఆ కొసలు మొద్దుబారిపోతాయి.) తీరా ఖరీదు పెట్టి తెప్పించిన సబ్‌స్టెన్స్ పి వేస్తే, ఏమీ లేదు. గీత పడుకునే ఉంది.

మా గైడ్ సార్ జూనియర్లందరి ముందు కాగితం పైకెత్తి, "ఇందులో పెప్టైడ్ వేశావా, బోరు నీళ్లు పోశావా?" అన్నారు. అందరూ నవ్వారు. మర్నాడు క్యాంటీన్‌లో ఒక పిల్లాడు "అక్కా, బోరు నీళ్లు కావాలా?" అని అడిగాడు. ఆ రాత్రి హాస్టల్‌లో అన్నం సహించలేదు.

మొదట సీసా పాడైందనుకున్నా. ఈ పెప్టైడ్‌కి 11 అమైనో ఆమ్లాలు, చివర మెథియొనిన్ ఉంటుంది, ఆక్సిజన్ తగిలితే చెడుతుంది, గాజుకి అంటుకుంటుంది కూడా. కొత్తది చిన్న చిన్న ప్లాస్టిక్ ట్యూబుల్లో పంచి ఫ్రీజర్‌లో పెట్టా, ఒక్కోటి ఒక్కసారే కరిగించా. మళ్లీ అదే. ఇలా గీత లేవని ప్రతిసారీ ఒక జంతువు పోయినట్టే, అది మాత్రం నన్ను ఇప్పటికీ పీడిస్తోంది.

చివరికి వేరే ల్యాబ్‌లోని ఒక సీనియర్ అక్కకి ఫోన్ చేస్తే, మొత్తం విననైనా వినకుండా "ఎపిథీలియం ఉంచావా? ఫాస్ఫరమిడాన్ వేశావా?" అంది. సంగతేంటంటే, శ్వాసనాళం లోపలి పొరలో, అంటే ఎపిథీలియంలో, న్యూట్రల్ ఎండోపెప్టిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మనం పోసిన పెప్టైడ్‌ని కండరం దాకా చేరకముందే ముక్కలు చేసేస్తుంది. ఫాస్ఫరమిడాన్ ఆ ఎంజైమ్‌ని ఆపేస్తుంది. క్యాప్సైసిన్ పనిచేసిందంటే, అది కండరం పక్కనున్న నరాల్లోంచే పెప్టైడ్లని తీయించింది. పైగా అందులో న్యూరోకైనిన్ ఎ కూడా ఉంది, గినీ పిగ్ శ్వాసనాళాన్ని బిగించడంలో సబ్‌స్టెన్స్ పి కంటే అదే బలమైనది. సిగరెట్ పొగ పట్టించిన గినీ పిగ్‌లలో ఈ ఎంజైమ్ పని తగ్గి బిగుతు పెరుగుతుందని తర్వాత చదివి, ఇంత తెలిసి కూడా హాస్టల్ గేటు ముందు సిగరెట్లు ఊదే మా బ్యాచ్ అబ్బాయిలని నాలుగు తిట్టాలనిపించింది.

ఫాస్ఫరమిడాన్ కొనడానికి సార్ ఒప్పుకోలేదు. అక్కనే కాస్త అడిగి, ఐస్ డబ్బాలో పెట్టుకుని తార్నాక నుంచి బస్సులో తెచ్చుకున్నా, మండుటెండలో, ఒళ్లో పెట్టుకుని. ముందు అది వేసి, ఇరవై నిమిషాలు ఆగి, పోయినసారి వేసిన అదే డోసు సబ్‌స్టెన్స్ పి వేశా. గీత లేచింది, కాగితం పై అంచు దాకా. ఇంకో రెండు ముక్కల్లోనూ అంతే. నేను గెంతులేస్తుంటే ల్యాబ్ అటెండర్ అన్న "ఏమైందమ్మా, కరెంట్ కొట్టిందా?" అని పరిగెత్తుకొచ్చాడు.

సార్‌కి చూపించా. కళ్లజోడు సరిచేసుకుని, "ఎంజైమ్ సంగతి నేను ముందే చెప్పాగా" అన్నారు.

చెప్పలేదు.