దక్షిణం ఎగిరిపోయింది

ఆదివారం, కావలి. పొద్దున్నుంచీ ముసురు.

ఇంకా పక్క మీదే ఉన్నాను, బాబాయి ఫోను. "ఒరేయ్, దక్షిణం ఎగిరిపోయిందిరా!"

బాబాయిది దస్తావేజులు రాసే పని. ముప్పయ్యేళ్లు చేత్తో రాసి, ఇప్పుడు నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చేసిచ్చిన చిన్న ఎడిటర్లో కొడుతున్నాడు. పాత ఫైలు తెరిచి దాని మీదే పేర్లూ కొలతలూ మార్చుకుంటూ పోవడం ఆయన పద్ధతి. నిన్న ఒక ఇంటి స్థలం, 12 అంకణాలు. (మా నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపుటడుగులు. తిరుపతి వైపు సంబంధాలున్న వాళ్లు జాగ్రత్త, అక్కడ అందులో సగమే.) చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు రాసే చోటికి వచ్చేసరికి ఎవరో ఫోన్ చేశారు. మాట్లాడి వచ్చి, కర్సరు పడమర లైన్లో ఉందనుకుని ఆ లైను చెరిపి కొత్తది కొట్టాడు. కర్సరు ఉన్నది దక్షిణంలో. దాంతో స్థలానికి రెండు పడమరలు వచ్చాయి, దక్షిణం లేదు. సంతకాలకు ముందు కొనే ఆయన వేలు పెట్టి చదివాడు కాబట్టి సరిపోయింది.

"కాగితం మీదయితే ఇట్టా కాదురా. స్కేలు పెట్టుకుంటా గదా."

ఆ స్కేలు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. చెక్కది, అడుగు పొడవు, ఒక అంచు అరిగి ఏడో అంగుళం దగ్గర సిరా మరక. పార్టీ వచ్చినా, టీ వచ్చినా, కరెంటు పోయినా అది రాస్తున్న లైను కిందే పడుంటుంది. నేనిచ్చిన ఎడిటర్లో ఆ పనికి ఉన్నదల్లా వెంట్రుకంత కర్సరు, అదీ మినుకుమినుకుమంటూ. అరవై దాటిన కళ్లకు అది చాలదని నాకు తట్టనే లేదు. తప్పు నాదే.

పదింటికి లాప్‌టాప్ పట్టుకుని వాళ్లింటికి పోయాను. కర్సరున్న లైను వెనక పసుపు రంగు వేయడం, అంతే కదా, అరగంట పని అనుకున్నా. టికింటర్ (పైథాన్‌లో తెర మీద కిటికీలూ పెట్టెలూ కట్టే సరంజామా) టెక్స్ట్ పెట్టెలో ఆ లైనుకు ఒక ట్యాగ్, అంటే పేరున్న గుర్తు, తగిలించి దానికి రంగివ్వాలి. కర్సరు కదిలినప్పుడల్లా పాతది తీసి కొత్త లైనుకు వేయాలి.

వేశా. కింది బాణం నొక్కితే కర్సరు పడమరకు దిగింది, పసుపు దక్షిణంలోనే కూర్చుంది. బాబాయి నవ్వు ఆపుకోలేదు: "నిన్న నేను చేసిందే ఇప్పుడు నీ మిషను చేస్తా ఉందే!" సంగతేమిటంటే, కీ నొక్కగానే ముందు నడిచేది నేను తగిలించిన పని. కర్సరును కదిపే సొంత పని ఆ పెట్టె దాని తర్వాత చేసుకుంటుంది. కీ వదిలినప్పుడు వేయమని మార్చా. బాణం నొక్కిపట్టి పరుగెత్తిస్తే వేలు తీసేదాకా పసుపు కదల్లేదు. చివరికి 'ఆఫ్టర్ ఐడిల్' పెట్టి, చేతిలో పనంతా అయ్యాక వేయమన్నా. అప్పుడు కుదిరింది.

పిన్ని కారం దోసె తెచ్చింది. ఎడం చేత్తో మౌస్ పట్టుకుని ఒక ముక్క సెలెక్ట్ చేసి చూస్తే నీలం కనపళ్లేదు. తర్వాత పుట్టిన ట్యాగ్‌దే పైచేయి కాబట్టి నా పసుపు సెలెక్షన్‌ని కప్పేసింది. 'ట్యాగ్ రైజ్' అని ఒక్క మాట చెప్తే సెలెక్షన్ పైకి వచ్చింది. ఖాళీ లైన్ల మీద రంగే రాలేదు, లైను చివరి ఎంటర్‌ని కూడా ట్యాగ్‌లో కలిపితే వచ్చింది. ఇవి చిన్నవి.

పెద్ద పేచీ పేరా దగ్గర. దస్తావేజులో ఆస్తి ఎట్లా సంక్రమించిందో చెప్పే భాగం ఎంటర్ లేకుండా ఎనిమిది వరసలు పోతుంది. ఎడిటర్ లెక్కలో అదంతా ఒకే లైను, కాబట్టి మొత్తం పసుపయింది. "ఇదేందిరా గోడకు సున్నం కొట్టినట్టు! నేను చూసే వరస ఒక్కటే కావాల." నాకు లైనంటే ఎంటర్ నుంచి ఎంటర్ దాకా, ఆయనకు లైనంటే స్కేలు పట్టేంత. ఆయన లైనే సరైందని ఒప్పుకున్నా. టికింటర్‌కి ఆ తేడా తెలుసు, 'లైన్‌స్టార్ట్' ముందు 'డిస్‌ప్లే' అని చేరిస్తే కంటికి కనిపించే వరస మొదలు చెబుతుంది.

రంగు 'లెమన్ షిఫాన్' పెట్టా, నిమ్మపండు పసుపును మజ్జిగలో కలిపినట్టుంటుంది. బాబాయి కావాలనే లేచిపోయి వాకిట్లో వాన చూసి, వీధిలో ఎవరినో పలకరించి, పది నిమిషాలకు వచ్చి కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకుంటూనే "దక్షిణం" అన్నాడు. కర్సరు కోసం వెతకలేదు.

సరిచేసి ప్రింటు ఇవ్వబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. "ఈ పసుపు స్టాంపు కాగితం మీద పడదు గదా? మళ్లీ అట్టా చేస్తివా?" ఆ అనుమానానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కింద విండోస్ ఫారమ్స్ అనే మైక్రోసాఫ్ట్ వాళ్ల సరంజామాతో ఇట్లాంటిదే చేసిచ్చా. అందులో రాత కొట్టే పెట్టె, రిచ్ టెక్స్ట్ బాక్స్, రంగును రాతలోనే కలిపేసేది. చేసింది వెనక్కి తీయడానికి (అన్‌డూ) కంట్రోల్ జెడ్ కొడితే అక్షరం బదులు పసుపు పోయేది, సేవ్ చేస్తే పసుపూ సేవ్ అయ్యేది. ఇందులో ట్యాగ్ పైపైన కప్పిన గుడ్డ లాంటిది, రాతలో ఉండదు, అన్‌డూ లెక్కలోకీ రాదు అని చెప్పా.

నమ్మలేదు. తెల్ల కాగితం మీద ఒకటి తీయించి, ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తర్వాత ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి, తూర్పు కింద స్కేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు.