పసుపు కాగితంతో ఒక మధ్యాహ్నం

వేసవి సెలవుల్లో ఎండ తగ్గేవరకు పిల్లలను ఇంటిపట్టున ఉంచడానికి నేను నమ్ముకున్నది వంటింటి పసుపు డబ్బానే. 2 చెంచాల పసుపును కొద్ది నీళ్ళతో ముద్దగా కలిపి, తెల్ల కాగితానికి పలుచగా పూసి, నీడన ఆరబెట్టి, వేలెడు ముక్కలుగా కత్తిరించుకుంటే సామగ్రి సిద్ధమైనట్లే. ఆరేళ్ళ మా అమ్మాయి సబ్బు నీటి చుక్క వేయగానే కాగితం ఎర్రబారింది; దాని మీదే నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపుపచ్చగా మారింది. ఈ వింతను తిరిగి తిరిగి చూడడానికే సగం ముక్కలు ఖర్చయ్యాయి.

పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, ఆమ్లం తగిలితే పూర్వపు రంగుకు వస్తుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళలోను, కాళ్ళకు పెట్టే పారాణిలోను ఉన్నది ఇదే పసుపు, సున్నాల కలయిక అని చెప్పినప్పుడు, పాప నా మాట నమ్మక అమ్మమ్మను అడిగి నిర్ధారించుకుంది. అయితే సున్నం కంట్లో పడితే ప్రమాదం కనుక పిల్లల చేతికి వంటసోడా నీళ్ళే ఇవ్వడం మంచిది.

చుక్క వేయడానికి ముందే ఏమవుతుందో పిల్లల చేత చెప్పించాలి. ఉప్పునీటికి ఏ మార్పూ రాకపోవడం మా ఇంట్లో పెద్ద నిరాశ. గౌనుకు అంటిన మరక సబ్బు పెట్టగానే ఎర్రబడి నన్ను కంగారు పెట్టినా, ఉతికి ఎండలో ఆరేస్తే క్రమంగా వెలిసిపోయింది.