ప్యానెల్ ఉన్న క్లాసులో త్రిభుజాల పాఠం

బీఈడీ ఇంటర్న్‌షిప్‌కి నాకు గుంటూరులో ఏటుకూరు రోడ్డు వైపు ఒక ప్రభుత్వ హైస్కూలు పడింది. క్లాసు గోడకి పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెల్ (వేలితో తాకి నడిపే తెర) ఉంది, పిల్లలు దాన్ని టీవీ అంటారు. నాది మ్యాథ్స్, నాకిచ్చింది ఏడో తరగతి. "ప్యానెల్ ఉందిగా, నీ పని సగం అయిపోయినట్టే" అని మా బ్యాచ్‌లో చాలామంది అన్నారు. నిజానికి పని పెరిగింది. కానీ ఆ పెరిగిన పని చేయాల్సిన పనే అని నాకు గట్టిగా అనిపిస్తోంది, అందుకే ఇదంతా రాస్తున్నా, ముఖ్యంగా వచ్చే ఏడాది ఇంటర్న్‌షిప్‌కి వెళ్లే జూనియర్ల కోసం.

ముందు కిటికీ సంగతి చెప్పాలి. పొద్దున పీరియడ్లలో తూర్పు కిటికీ ఎండ నేరుగా ప్యానెల్ అద్దం మీద పడుతుంది, కుడి వైపు బెంచీల వాళ్లకి తెల్లటి వెలుగు తప్ప ఇంకేం కనపడదు. పిల్లలు ఆ మాట చెప్పరు. ముందు బెంచీ వాళ్లు ఏమంటే అదే అంటారు, అర్థమైందా అంటే అయింది టీచర్ అంటారు. నేను వెళ్లి ఆ చివరి బెంచీలో కూర్చుని చూస్తేగానీ నాకూ తెలియలేదు. పాత చార్టులు తెచ్చి కిటికీకి అడ్డం కట్టాం, బెంచీలు కొంచెం పక్కకి తిప్పాం. ఏ లెసన్ ప్లాన్ రాసేముందైనా క్లాసులో నాలుగు మూలలా కూర్చుని బోర్డు వైపు ఒకసారి చూడండి.

అదే క్లాసులో చూపు తక్కువున్న అమ్మాయి ఒకతి ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించిందని ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ పేపర్లో చదివి పరీక్ష రాశాం, ఆ రకాల్లో 'లో విజన్' (చూపు తక్కువ) కూడా ఒకటి. కానీ ఆ అమ్మాయికి కావలసింది చాలా మామూలు విషయాలు: నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు, స్లయిడ్‌కి రెండు లైన్లకి మించకుండా, గీతలు లావుగా. ఈ ఒక్క విషయంలో సుద్దముక్క కన్నా ప్యానెల్ చాలా మేలు, వేలితో లాగితే బొమ్మ ఎంతైనా పెద్దదవుతుంది. ఆమె కోసం మార్చిన స్లయిడ్లు క్లాసందరికీ బాగా కనపడ్డాయి, రంగురంగుల టెంప్లేట్లు ఆ రోజుతో మానేశాను.

ఇక వీడియోలు. మన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురుపేజీ ఇంగ్లీషు, పాఠం పక్కన క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే 2017లో మొదలైన దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలోకి వెళ్లి వీడియో వస్తుంది. వీడియోలు మంచివే, కానీ వాటి వేగం వాటిది. నాలుగు నిమిషాల వీడియో పెడితే పిల్లలు చక్కగా కదలకుండా చూస్తారు, ఆ నిశ్శబ్దం చూసి క్లాసు బాగా నడుస్తోందని మనకి అనిపిస్తుంది, అయిపోయాక ఏం చూశారో చెప్పమంటే మాత్రం బొమ్మలో ఉన్న కుక్కపిల్ల గురించి చెబుతారు. మా గైడ్ టీచర్ సార్ వెనక కూర్చుని చూసి, "సౌండ్ తీసెయ్యమ్మా, నువ్వు చెప్పు" అన్నారు. చెప్పింది ఆ ఒక్కమాటే. అప్పట్నుంచీ సౌండ్ తీసేసి, అర నిమిషానికోసారి ఆపి, "ఇప్పుడేమవుతుందో నోటుబుక్కులో రాయండి" అని అడిగి, రాశాక మళ్లీ నడిపిస్తున్నా. నాలుగు నిమిషాల వీడియోకి ఇరవై నిమిషాలు పడుతుంది. పట్టనీ.

అసలు చెప్పాలనుకున్నది త్రిభుజం కోణాల పాఠం గురించి. మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని చెప్పడానికి జియోజీబ్రా వాడాను. 2001లో ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన చదువుకునే రోజుల్లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, మ్యాథ్స్ టీచరవ్వాలనుకునే ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలని నా అభిప్రాయం. స్క్రీన్ మీద త్రిభుజం గీసి, శీర్షాన్ని వేలితో ఎటు లాగితే అటు వెళ్తుంది, కోణాల విలువలు పక్కన మారుతూ ఉంటాయి. నేను లాగలేదు, పిల్లల్నే ఒక్కొక్కరిగా పిలిచి లాగమన్నాను, కింద కూర్చున్నవాళ్లు మూడు విలువలూ కూడాలి. కూడుతున్నారు, 180 వస్తోంది, మళ్లీ 180, క్లాసంతా కేకలు. అంతలో మూడో బెంచీ నుంచి ఒకబ్బాయి లేచి తనకి 180.01 వచ్చిందన్నాడు. నోటుబుక్కు తీసుకుని చూశాను. 47.34, 68.34, 64.33. కూడిక సరిగ్గానే ఉంది!

ఆ అబ్బాయి అక్కడితో ఆగలేదు. "టీచర్, 180 వచ్చేలా అందులో ముందే పెట్టేశారేమో, ఇక్కడ తప్పింది" అన్నాడు. ఎంత గొప్ప అనుమానం అది. స్క్రీన్ మీద కనపడింది కాబట్టి నిజమే అని ఒప్పుకోని పిల్లవాడు క్లాసులో ఒక్కడున్నా టీచర్ అదృష్టవంతురాలే. జియోజీబ్రా రెండు దశాంశ స్థానాలకి సవరించి (రౌండ్ చేసి) చూపిస్తుంది, లోపల 47.336, 68.336, 64.328 లాంటి విలువలుండొచ్చు, అవి కూడితే సరిగ్గా 180, కానీ ఒక్కోదాన్ని విడివిడిగా సవరిస్తే మొత్తంలో ఆ 0.01 తేడా వస్తుంది. ఇది బోర్డు మీద కూడి చూపించాను, అదే రోజు సవరించడం అనే ముక్క కూడా అనుకోకుండా పాఠంలో చేరింది. కానీ అతని ప్రశ్నకి ఇది జవాబు కాదు. యంత్రం చెప్పిందాన్ని మళ్లీ యంత్రంలోని విలువలతోనే సమర్థిస్తే ఎలా?

అందుకని మరుసటి రోజు ప్యానెల్ ఆన్ చేయలేదు. పాత న్యూస్‌పేపర్లు పంచి, పక్కవాడి దానిలా లేని త్రిభుజం ఎవరికి వాళ్లు కత్తిరించుకోమన్నాను. మూడు మూలలకీ స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టించి, ఆ మూలల్ని చేత్తో చింపి, నోటుబుక్కులో రూళ్లగీత మీద మొనలు ఒకచోట కలిసేలా పేర్చమన్నాను. ఒకమ్మాయి కావాలనే కత్తిలా సన్నగా పొడుగ్గా కత్తిరించింది, దాని మూడు మూలలు పేర్చినా గీత మీద, అంటే 180 డిగ్రీలకి, సరిగ్గా కూర్చున్నాయి. ఆ అమ్మాయి వాటిని తీసి మళ్లీ పేర్చింది, మళ్లీ అంతే. తర్వాత కోణమానినితో కొలిస్తే 178, 181 అని కూడా వచ్చాయి, వాటి గురించి కూడా మాట్లాడుకున్నాం. చివరికి అదే అబ్బాయి, మనం గీయని త్రిభుజాల సంగతేంటి అన్నాడు. అక్కడికి సుద్దముక్క పట్టుకున్నాను. పై శీర్షం గుండా భూమికి (కింది భుజానికి) సమాంతరంగా ఒక గీత, ఆ గీత దగ్గర రెండు వైపులా కింది కోణాలకి సమానమైన ఏకాంతర కోణాలు, అంతే. యూక్లిడ్ 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకంలో 32వ ప్రతిపాదన ఇదే విషయం. దీనికి నల్లబల్లే సరైనదని నా నమ్మకం, ఎందుకంటే ఒక్కో గీతా పిల్లల కళ్ల ముందు ఎప్పుడు వచ్చిందో, ఎందుకు వచ్చిందో కనపడుతుంది, యానిమేషన్‌లో గీత ఉన్నట్టుండి వచ్చేస్తుంది.

ఆ వారం చివర్లో ప్యానెల్ మీద చిన్న క్విజ్ పెట్టాను. రెండు కోణాలు 65, 40 అయితే మూడోది ఎంత? తప్పు చేసినవాళ్లకి ఎర్ర గుర్తు, ఒప్పుకి పచ్చ గుర్తు, చివర్లో శాతం. దాంతోపాటే అదే లెక్క నోటుబుక్కులో చేయించి, సాయంత్రం స్టాఫ్‌రూములో కూర్చుని చూశాను. ముగ్గురి తప్పులు రాస్తాను. ఒకరు 105 రాశారు, అంటే కూడి అక్కడే ఆగిపోయారు. ఇంకొకరు 255 రాశారు, చతుర్భుజం 360ని ఇక్కడికి తెచ్చుకున్నారు. మూడో పిల్లవాడు 85 రాశాడు. ఇతనికి త్రిభుజం పూర్తిగా వచ్చు, 180 లోంచి 105 తీసేయాలనీ తెలుసు, కానీ సున్నాలోంచి అయిదు పోదు కాబట్టి అయిదులోంచి సున్నా తీసి అయిదు వేశాడు, అప్పు తెచ్చుకోవడం రాదు. ప్యానెల్ ఈ ముగ్గురికీ ఒకే ఎర్ర గుర్తు వేసింది. ఆ గుర్తు చూసి ముగ్గురికీ త్రిభుజం వీడియో మళ్లీ వేసి ఉంటే మూడోవాడికి ఏ ఉపయోగమూ ఉండేది కాదు, పైగా వచ్చిన పాఠం కూడా రాదేమో అని అనుకునేవాడు.

దాంతో క్లాసులో ప్రతి ఒక్కరినీ విడిగా పిలిచి, ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూడటానికి 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో వాడే లాంటి లెక్కలే ఇచ్చాను: అప్పు తెచ్చుకునే తీసివేత ఒకటి, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగహారం ఒకటి. భాగహారం దగ్గర ఆగిపోయినవాళ్లు నేననుకున్నదానికన్నా ఎక్కువమంది ఉన్నారు. వాళ్లని తెలివి తక్కువ గ్రూపు అని ఎవరూ అనకుండా, ప్రేయర్‌కి ముందు అరగంట ఎవరైనా రావచ్చని చెప్పి పుల్లలు, పదుల కట్టలు ముందు పెట్టి చేయిస్తున్నా. ఆ టైములో ప్యానెల్ బాగా వచ్చినవాళ్ల చేతిలో ఉంటుంది, జియోజీబ్రాలో బాహ్యకోణాల మీద వాళ్లే ఏదో చేసుకుంటూ ఉంటారు.

ఇంటికి వీడియో లింకులు పంపించడం ఎక్కువ రోజులు నడవలేదు. ఫోన్ నాన్న దగ్గర ఉంటుంది, నాన్న ఆటోలోనో మిర్చి యార్డులోనో ఉంటాడు, ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది, అప్పటికి నెట్ బ్యాలెన్స్ ఉంటే ఉన్నట్టు. హోంవర్క్‌కి ఫోన్ తప్పనిసరి చేయడం అన్యాయమని అనిపించి మానేశాను.

ఐసీటీ (చదువులో కంప్యూటర్ టెక్నాలజీ వాడకం) పేపర్లో మిశ్రా, కోలర్ అనే పరిశోధకులు 2006లో ప్రతిపాదించిన టీప్యాక్ గురించి చదువుకున్నాం. టెక్నాలజీ, బోధన పద్ధతి, విషయం, ఈ మూడూ కలిసే చోట టీచర్ జ్ఞానం ఉండాలని దాని సారాంశం. మూడు వృత్తాల బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం కూడా. కానీ మా ఇంటర్న్‌షిప్ రికార్డులో ఉన్న గడి మాత్రం 'ఐసీటీ వాడారా, లేదా' అనే అడుగుతుంది. న్యూస్‌పేపర్ చింపిన రోజు ఆ గడిలో లేదు అని రాయాల్సి వచ్చింది. ఆ రోజు ప్యానెల్ ఆపేయాలని తేల్చుకోవడానికి నాకు జియోజీబ్రా గురించి కూడా బాగానే తెలియాల్సి వచ్చింది, ఆ తెలివిడికి ఆ కాగితంలో చోటు లేదు. టీచర్ కోర్సుల నియమాలు పెట్టే ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది, స్కూల్లో 20 వారాలుండాలన్నారు, చాలా మంచి పని చేశారు. ఆ 20 వారాల్లో ఎందుకు వాడావు, ఎందుకు ఆపావు అని అడిగే గడి ఒకటి పెడితే మాలాంటివాళ్లు ఆలోచించి రాస్తారు.

ఇంకా తేలనిది ఒకటుంది. మిర్చి సీజన్ మొదలయ్యాక కొందరు పిల్లలు అమ్మతో పాటు తొడిమలు తీసే పనికి వెళ్తున్నారు, వారంలో రెండు రోజులు రారు, మూడో రోజు వచ్చినా చేతులు మండుతున్నాయని పెన్ను సరిగ్గా పట్టుకోరు. వాళ్లకి ఏ ప్యానెల్లో ఏం పెట్టినా ఉపయోగం లేదు, వాళ్లు అక్కడ లేరు కాబట్టి. హెడ్మాస్టర్ గారు ఇళ్లకి వెళ్లి మాట్లాడుతున్నారు. నేను చేయగలిగింది ఒకటే అనిపించి, ప్రతి పాఠాన్నీ అట్టముక్కల మీద చిన్న చిన్న మెట్లుగా రాసి వెనక బెంచీ దగ్గర పెట్టెలో పెడుతున్నా, వచ్చిన రోజు ఎక్కడ ఆగారో అక్కడి అట్ట తీసుకుని పక్కవాళ్ల సాయంతో మొదలుపెట్టేలా. త్రిభుజాలకి పదకొండు అట్టలయ్యాయి, భిన్నాలవి రాస్తున్నాను.