డబ్బా వెనక నంబర్లు, నంబర్ లేని చక్కెర

పిల్లల సెరల్ డబ్బా వెనక ఐఎన్‌ఎస్ నంబర్లు (నిల్వకో రంగుకో చిక్కదనానికో కలిపే అడిటివ్‌ల అంతర్జాతీయ కోడ్‌లు) చూసి కంగారుపడేవాళ్లు, అదే జాబితాలో ఉన్న చక్కెరను పట్టించుకోరు. చట్టం దృష్టిలో చక్కెర అడిటివ్ కాదు, దినుసు. అందుకే దానికి నంబరుండదు.

నంబర్లున్నవాటి మీద కట్టడి గట్టిదే. ఫార్ములా పాలపొడిలో తరచూ కనిపించే 322 లెసిథిన్. కొవ్వు, నీళ్లు విడిపోకుండా చూస్తుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రాసే కోడెక్స్ ప్రకారం కలిపిన 100 మి.లీ. పాలలో 0.5 గ్రాము దాటకూడదు. అదే పని చేసే 471 (మోనో, డైగ్లిసరైడ్లు)కైతే 0.4. జాబితాలో లేనిది కలపడానికి వీల్లేదు. రంగులు, ప్రిజర్వేటివ్‌లు ఆ జాబితాలోనే లేవు. రోజుకు ఇంతవరకు పర్వాలేదని చెప్పే ఏడీఐ లెక్క 12 వారాల లోపు పసికందులకు వర్తించదు కాబట్టి వాళ్లకు విడిగా తేల్చాల్సిందే.

ఇక చక్కెర. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల్లో ఫార్ములాకు లాక్టోజ్ (పాలలోని చక్కెర), గ్లూకోజ్ పాలిమర్ల (గ్లూకోజ్ గొలుసుల)కే మొగ్గు. సుక్రోజ్ (మామూలు చక్కెర), ఫ్రక్టోజ్ (పండ్ల చక్కెర) అవసరమైతేనే వాడాలి, రెండూ కలిపి కార్బోహైడ్రేట్లలో 20 శాతం మించకూడదు. అంటే పూర్తి నిషేధం లేదు. దినుసులను బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. చక్కెర రెండో మూడో స్థానంలో ఉంటే ఆ డబ్బా అక్కడే పెట్టేయడం మేలు. సెరల్ డబ్బా మీద 100 గ్రాములకు 12 గ్రాముల సుక్రోజ్ అని ఉంటే, 25 గ్రాముల పూటకు 3 గ్రాములు, మూడు పూటలకు 9. ముద్ద కమ్మగా ఉందని బిడ్డ తినేస్తుంటే మనకూ సంబరమే, రాగి జావ ముందు పెడితే మూతి తిప్పేదాకా!

లేబుల్ ఎంత చదివినా కల్తీ కనపడదు. 2008లో చైనాలో పాలపొడిలో మెలమిన్ అనే, ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం కలిపారు. ప్రొటీన్ పరీక్ష నిజానికి నైట్రోజన్‌ను లెక్కపెడుతుంది, మెలమిన్‌లో నైట్రోజన్ దండిగా ఉంటుంది. నీళ్లు కలిపిన పాలు కూడా పరీక్షలో చిక్కగా తేలాయి, పిల్లల మూత్రపిండాల్లో రాళ్లు పడ్డాయి. ఇప్పుడు ఫార్ములా పొడిలో మెలమిన్‌కు పరిమితి కిలోకు 1 మి.గ్రా.

మన దగ్గర ఫుడ్ సేఫ్టీ అధికారి శాంపిల్ తీసి నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి ల్యాబ్‌లో పరీక్షించే ఫుడ్ అనలిస్టుకు వెళ్తుంది, 14 రోజుల్లో రిపోర్టు రావాలి. హైదరాబాద్‌లో రాష్ట్ర ఫుడ్ ల్యాబ్ ఉన్నది నాచారంలో.

కొన్నవాళ్లూ పరీక్ష చేయించుకోవచ్చు, 2006 ఆహార భద్రతా చట్టం సెక్షన్ 40 ఆ హక్కు ఇచ్చింది. ఫీజు కట్టాలి, లోపం తేలితే ఆ ఫీజు వాపసు వస్తుంది. చాలామంది జారిపోయేది ఒక్కచోటే: పరీక్షకు పంపుతున్నామని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. సీలు విప్పకండి, బిల్లు, బ్యాచ్ నంబర్ జాగ్రత్త. "అన్నీ చూడండి" అనకుండా అఫ్లాటాక్సిన్ (బూజు విషం), సీసం, మెలమిన్ అంటూ పేరు పెట్టి అడగండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మే మొలకల రాగి పొడి, ఉగ్గు పొడికీ ఇదే చట్టం. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉండాలి. అది 1తో మొదలైతే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారులకిచ్చే ఉత్త రిజిస్ట్రేషన్. అసలు నంబరే లేకపోతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ప్యాకెట్ ఫొటోతో ఫిర్యాదు పెట్టొచ్చు.