కొట్టంలో పడకకు రాత్రికి 190 పౌండ్లు

సెలవులకి మేం బుక్ చేసుకున్న బస ప్రకటనలో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉన్నది 'ప్రశాంతం' అన్న మాట. రాత్రికి 190 పౌండ్లు. ఖాళీ చేసేటప్పుడు గిన్నెలు కడగాలి, చెత్త వేరుచేయాలి, పక్కబట్టలు తీసి కుప్పగా పెట్టాలి. ఇవన్నీ మనమే చేశాక కూడా క్లీనింగ్ పేరుతో ఇంకో 60. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో కారెక్కుతూనే నాయన ఫోన్‌లో లెక్కేశాడు. "రాత్రికి ఇరవై రెండు వేలా? పెయ్యదూడ వస్తాది గదా పాపా!" మా ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. బుక్ చేసింది ఆయనే మరి.

లేబర్న్ మీదుగా హాజ్ చేరి, బటర్‌టబ్స్ కనుమ ఎక్కాం. 2014లో టూర్ డి ఫ్రాన్స్ సైకిళ్ళు ఈ దారినే వెళ్ళాయి. వాళ్ళకేం, రోడ్డంతా మూసి ఇచ్చారు. మాకు ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది. ఒకపక్క లోయ, ఇంకోపక్క రోడ్డు మీదే పడుకున్న గొర్రెలు. మా ఆయన వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి పోనిచ్చి దారి ఇచ్చేసరికి నా అరచేతులు తడిసిపోయాయి. ట్రాక్టరాయన మాత్రం స్టీరింగ్ మీంచి ఒక్క వేలు లేపి పలకరించి వెళ్ళిపోయాడు.

అవతలికి దిగితే స్వేల్‌డేల్ లోయ. జూలై మొదటివారం కాబట్టి గడ్డి ఇంకా కోయలేదు. పసుపు, ఊదా పూలతో మోకాలెత్తు గడ్డి, దాని చుట్టూ రాతి గోడలు. దాదాపు ప్రతి చేలోనూ ఒక రాతి కట్టడం ఒంటరిగా నిలబడి ఉంటుంది. నాయన వాటిని ఇళ్ళనుకున్నాడు. "ఇన్ని ఇండ్లుండాయి, మనిషి లేడేం?" అని మ్యూకర్ ఊరు దాకా అడుగుతూనే ఉన్నాడు. ఇళ్ళు కావు, పశువుల కొట్టాలు. మేం దిగబోయేది కూడా అలాంటిదే ఒకటి, బాగుచేసి అద్దెకిస్తున్నారు.

లోపలికి వెళ్ళగానే మా ఆయన వైఫై పాస్‌వర్డ్ వెతుక్కుంటున్నాడు. నాయన వంటింట్లో గొంతుక్కూర్చున్నాడు. ఫ్రిజ్‌కీ భోజనాల బల్లకీ మధ్య నడుమెత్తున నిలబెట్టిన రాతిబండ ఒకటి ఉంది. ఫోటోల్లో దాని మీద పూలకుండీ పెట్టి చూపించారు. దాని అంచు ఒకవైపు అరిగి నున్నబడింది. నాయన ఆ అంచు తడిమి, కింద ఇనుప రింగు ఉండాలే అన్నాడు. ఫ్రిజ్ పక్కన వెతికితే దొరికింది, సగం సున్నంలో పూడిపోయి.

"ఈ పక్క రెండు ఆవులు, ఆ పక్క రెండు. పొడుచుకోకుండా నడుమ బండ పెట్టినారు" అన్నాడు.

మాది బేతంచెర్ల దగ్గర పల్లె. అక్కడ ఇంట్లో పరిచేది నాపబండలు, చేని గట్టున కంచెగా పాతేదీ నాపబండలే, మా కొట్టానికి పైకప్పు కూడా అవే. అందుకని నాయనకి ఇక్కడ గైడ్ అవసరం లేకపోయింది. బయటికి వెళ్ళి గోడ చూశాడు. వరసల మధ్యన కొన్ని రాళ్ళు బెత్తెడు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. నేను అలంకారం అనుకున్నాను. "కాదు పాపా. లోపలొక గోడ, బయటొక గోడ కట్టి నడుమ చిన్నరాళ్ళు పోసినారు. ఈ పొడుగు రాయి రెండిట్నీ కలిపి పట్టుకోనుంటాది." చేల చుట్టూ ఉన్న గోడల్లోనూ అదే పద్ధతి. వాటికి మట్టి లేదు, సున్నం లేదు, ఉత్త రాయి మీద రాయే.

ఒక్కటి మాత్రం ఆయనకి మింగుడుపడలేదు. కొట్టం ఇంటి దగ్గర కదా ఉండాలి, చేలో ఒంటరిగా ఎందుకు? బల్లమీద పెట్టిన ఫైల్లో దానికి జవాబు దొరికింది. అప్పట్లో చేని గడ్డి కోసి అదే చేలోని కొట్టం అటక మీదికి ఎక్కించేవాళ్ళు. నవంబర్ నుంచి మే దాకా ఆవులు కింద కట్టేసి ఉండేవి. రైతు రోజుకి రెండుసార్లు నడిచొచ్చి మేత వేసి, నీళ్ళు తాపి పోయేవాడు. పేడంతా ఆ చేలోనే చల్లేవాళ్ళు. గడ్డి మోసే పని లేదు, ఎరువు తోలే పని లేదు. నాయన చాలాసేపు తల ఊపాడు. "మంచుకాలం రోజూ రెండుమార్లు నడిసినోని కాళ్ళకు దండం పెట్టాల" అన్నాడు.

తర్వాత పెద్ద షెడ్లు వచ్చాయి, ప్లాస్టిక్ చుట్టిన గడ్డి చుట్టలు వచ్చాయి, ఈ కొట్టాలతో పని లేకుండా పోయింది. కొన్నిటి కప్పులు కూలాయి. ఈ ప్రాంతం 1954 నుంచి నేషనల్ పార్క్. దానిపైన 1989లో ఈ లోయలోని కొట్టాలకీ గోడలకీ ప్రత్యేకంగా రక్షణ ఇచ్చారు. బయటి రూపం మారకూడదు కాబట్టి ఇష్టమొచ్చినట్టు కిటికీలు కొట్టడానికి వీల్లేదు. ఆ లెక్కన 190 పౌండ్లిచ్చిన మేం మిట్టమధ్యాహ్నం లైటేసుకుని కూర్చోవాలి. గోడలు రెండడుగుల మందం. జూలైలో కూడా స్వెట్టర్ విప్పలేదు. తాలింపు వేస్తే పొగ అలారం మోగింది. ఎత్తుగా ఉండటంతో దాన్ని ఆపడానికి మా ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలు ఊపాల్సొచ్చింది.

ఇక ఆ ప్రశాంతం సంగతి. మా మంచం ఉన్నది పాత గడ్డి అటక మీద. తలవైపు కిటికీ ఒకప్పుడు బయటి నుంచి గడ్డి లోపలికి విసిరే కంత. సరిగ్గా ఆ కంత కిందే రాత్రి గొర్రెలు మొదలుపెట్టాయి. ఒకటీ రెండూ కాదు, మంద మొత్తం. పెద్దది లావు గొంతుతో అరవడం, పిల్ల సన్న గొంతుతో బదులివ్వడం, తెల్లారేదాకా అదే. నేను దిండు చెవులకేసి నొక్కుకున్నాను. నాయన కింద హాయిగా గురకపెట్టాడు.

పొద్దున్నే గోడవతల రైతు కనిపిస్తే ఫిర్యాదు చేద్దామనే వెళ్ళాను. అరవై దాటినాయన, తుప్పు రంగు కుక్క ఒకటి వెంట ఉంది. నేను నోరు తెరిచేలోపే, నిద్ర పట్టలేదు కదా అని నవ్వాడు. నిన్ననే ఉన్ని కత్తిరించారట. ఉన్ని పోయాక పిల్లలు తల్లుల్ని వెంటనే పోల్చుకోలేవు, ఒకటి రెండు రోజులు ఇలా వెతుక్కుంటాయి అన్నాడు. దీనికి ఎవరిమీద ఫిర్యాదు చేయాలి?

అప్పటికే నాయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నల్ల మొహం, తెల్ల మూతి, తిరిగిన కొమ్ములు ఉన్న ఆ స్వేల్‌డేల్ గొర్రెల్ని తేరిపారా చూస్తూ, ఉన్ని ధర ఎంతని అడగమన్నాడు. కత్తిరించే కూలి కూడా గిట్టదన్నాడు రైతు. నేను తెలుగులో చెప్పగానే నాయన, "అయితే పత్తికొండ టమాటా కథే" అన్నాడు. ఆ ముక్క రైతుకి చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. రేటు పడిపోతే మావాళ్ళు టమాటాలు రోడ్డు మీద పారబోస్తారని చెబితే ఆయన నవ్వలేదు. టోపీ తీసి తలగోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

తర్వాత నాయన అసలు ప్రశ్న వేశాడు. కొండమీద గొర్రెలకి కంచె లేదు, కాపరి లేడు, మరి ఎట్లా? రైతు చెప్పింది ఇదీ: ఏ కొండవాలు తనదో పిల్లకి తల్లే నేర్పుతుంది, ఆ పిల్ల పెద్దదై తన పిల్లకి నేర్పుతుంది. తరాలుగా ఆ మంద ఆ వాలు వదిలి పోదు. పొలం అమ్మినా మంద పొలంతోపాటే ఉంటుంది, ఎందుకంటే కొత్త గొర్రెల్ని తెస్తే వాటికి దారి తెలీదు. 2001లో గాలికుంటు వచ్చి, అది పాకకుండా ప్రభుత్వం దేశంలో 60 లక్షలకు పైగా జీవాల్ని చంపించినప్పుడు కొండరైతులకి ఉన్న పెద్ద భయం అదేనట. చంపిన జీవాలకి డబ్బొస్తుంది, కొండ తెలిసిన మంద ఎక్కడ దొరుకుతుంది? గాలికుంటు అనగానే నాయన మొహం మారిపోయింది. కుక్క తల నిమురుతూ ఊరుకున్నాడు.

మిగతా సెలవంతా వాన. రిబుల్‌హెడ్ రైలు వంతెనకి 24 కమాన్లంటారు, మబ్బులో మాకు సగం కూడా కనిపించలేదు. హాజ్‌లో చీజ్ రుచి చూడమంటే నాయన వాసన చూసి పక్కకి తిరిగాడు. అయితే అక్కడి కార్ పార్క్‌లో సిగ్నల్ వచ్చింది. వెంటనే మా చిన్నాయనకి వీడియో కాల్ చేశాడు. కొట్టం అద్దె చెప్తాడేమో అనుకున్నా, దాని ఊసే లేదు.

"రేయ్, ఈడ గొర్రెలకు కంచె లేదు, కాపరి లేడు. అయినా పక్కోని కొండ తొక్కవంట!"

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత చిన్నాయన ఫోన్ నాకివ్వమన్నాడు. "పాపా, అన్నకు సలి తలకెక్కినట్టుండాది. బిరీన ఇంటికి పిలుచుకొనిపో" అన్నాడు.