అవి ఏ రకం చెడ్డ నీళ్లు?

"అమ్మమ్మా, ఇవి మురికి నీళ్లా?"

నల్గొండ జిల్లాలో మా మేనత్త ఇంటికి వెళ్లినప్పుడు, ఆవిడ అందించిన గ్లాసు పట్టుకుని అమెరికాలో పెరుగుతున్న మా అమ్మాయి అడిగిన మాట ఇది. పిల్ల అంత చక్కటి తెలుగు మాట్లాడిందని మురిసిపోవాలో, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్తయ్య కోప్పడలేదు. గ్లాసు తీసుకుని వాకిట్లో వెలుతురుకు ఎత్తి చూపించింది. "చూడు బిడ్డా, ఎంత తేటగా ఉన్నాయో. కృష్ణా నీళ్లు."

తాగకూడని నీళ్లకు పిల్లకు తెలిసిన మాట అదొక్కటే. అత్తయ్య దగ్గరైతే ఎన్ని ఉన్నాయో! కొత్త వానకు చెరువులోకి వచ్చేవి కలక నీళ్లు. పాచి పట్టినవి వేరు, ఉప్పు నీళ్లు వేరు, చౌడు నీళ్లు వేరు. పప్పు ఉడకని నీళ్లు, సబ్బు నురగ రాని నీళ్లు కూడా ఉన్నాయి. అన్నీ కంటితో, నాలుకతో, పొయ్యి మీది గిన్నెతో తేల్చుకున్న పేర్లు. అన్నిటికంటే ఎక్కువ హాని చేసిన బోరు నీళ్లు మాత్రం వీటిలో దేనికీ చిక్కలేదు. చూస్తే తేట, వాసన లేదు. అవి తాగిన వాళ్ల పళ్లు గారకట్టాయి, కాళ్లు వంకరపోయాయి, నడుములు వంగిపోయాయి. చివరికి బడి మొహం చూడని వాళ్లు కూడా "ఫ్లోరైడ్ నీళ్లు" అనడం నేర్చుకున్నారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని పేరు. ఏ జిల్లా అయినా కోరుకునే కీర్తేనా ఇది!

నా ముందు పళ్ల మీద ఆ గోధుమరంగు చారలు ఇంకా ఉన్నాయి. ఫోటోల్లో నోరు మూసుకునే నవ్వుతాను. అదే నేను మేముండే మిషిగన్ రాష్ట్రంలో పిల్లను పళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి మరీ, పళ్లు పుచ్చకుండా ఫ్లోరైడ్ పూత వేయిస్తాను. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని మా ఊళ్లో భయపడిన పదార్థాన్ని, ఇక్కడ 0.7 ఉండేలా కుళాయి నీళ్లలో కలుపుతారు. ఈ కలపడం 1945లో మొదలైంది కూడా మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లోనే. ఇది మా అమ్మకు ఫోనులో వివరించబోయి ఓడిపోయాను. "డబ్బిచ్చి పూయించుకుంటున్నారా?" అని ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

అమ్మ సూత్రం ఒకటే: కాచి చల్లార్చి తాగు. క్రిములకు అది సరే. ఫ్లోరైడుకు, సీసానికి (లెడ్) పనికిరాదు. నీళ్లు ఆవిరైపోయి అవి మరింత చిక్కబడతాయి. మా ఇంటికి దూరమేమీ కాని ఫ్లింట్‌లో 2014లో నీటి వనరు మార్చాక పాత గొట్టాల్లోని సీసం కుళాయిల్లోకి దిగింది. సీసానికి రంగూ రుచీ ఉండవు. ఇక్కడి అధికారులు హెచ్చరిక ఇస్తే మూడు రకాలుగా ఇస్తారు: కాచి తాగండి, తాగవద్దు, అసలు వాడవద్దు. అమ్మాయి బడిలో నేర్చుకున్నది ఇదే.

అందుకే అత్తయ్య ఇంటి నుంచి వస్తూ కారులో నిలదీసింది. "అవి ఏ రకం చెడ్డ నీళ్లు? కాచాల్సినవా, తాగకూడనివా? నువ్వు తాగావు కదా!"

తాగాను. అత్తయ్య చూస్తుండగా సంచిలోంచి మా నీళ్ల సీసా తీసే ధైర్యం నాకు లేదు. ఆ నీళ్లు పిల్లకు పడతాయో లేదోనన్న భయమే తప్ప, వాటిలో ఫలానా లోపం ఉందని చెప్పలేను.

పిల్లలతో ఊరికి వెళ్లేవాళ్లకు నేను ఇచ్చే సలహా ఒకటుండేది: "దాహం లేదమ్మమ్మా" అనడం ముందే నేర్పండి, ఎవరి మనసూ నొప్పించక్కర్లేదు. పిల్లకు అబద్ధం నేర్పుతున్నానా, మర్యాద నేర్పుతున్నానా అన్నది నాకే తేలలేదు కాబట్టి ఈ మధ్య ఎవరికీ చెప్పడం లేదు. ఆ తర్వాత వెళ్లిన ఇంట్లో మా అమ్మాయి నేర్పినట్టే దాహం లేదంది. సరే అని వాళ్లు నిమ్మకాయ షర్బత్ తెచ్చిస్తే గటగటా తాగేసింది. దాన్ని ఏ నీళ్లతో కలిపారో నేను అడగలేదు.